స్కూల్ కౌన్సెలర్‌గా ఏడాది పొడవునా నేర్చుకోవడం ఎలా? హైదరాబాద్‌లో పనిచేసేవారికి అంచెలంచెల మార్గదర్శి

"మేడమ్, ఏ కోర్సు చేయమంటారు?" కొత్తగా కౌన్సెలర్ ఉద్యోగంలో చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నేను తిరిగి ఒకటి అడుగుతాను: "పోయిన నెల మీ గదికి ఎంతమంది పిల్లలొచ్చారు? దేనికొచ్చారు? మీకు ఎక్కడ తోచలేదు?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. సర్టిఫికెట్ల ఫైలు మాత్రం లావుగా ఉంటుంది.

మన శిక్షణ మన గదికి వచ్చే పిల్లల దగ్గర మొదలవ్వాలి. మనం పనిచేసే తీరును ఇంకొకరు చూసి తప్పొప్పులు చెప్పేదాకా సాగాలి. కోర్సులూ వర్క్‌షాప్‌లూ ఈ రెంటి మధ్యలో వస్తాయి. అందుకే కింద కోర్సుల సంగతి ఐదో అంచెలో గానీ రాదు. వరుస మార్చకుండా చేయండి.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- తాళం పడే బీరువా లేదా సొరుగు ఒకటి. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి.
- ఒక లాంగ్ నోట్‌బుక్. స్కూల్లో అందరూ వాడే కంప్యూటర్‌లో కేసుల వివరాలు పెట్టకండి.
- పిల్లల పేర్లకు బదులు వాడే కోడ్ పట్టిక. ఇది నోట్‌బుక్‌తో కలిపి కాకుండా వేరే చోట ఉండాలి.
- వారానికి రెండు పీరియడ్లు, టైంటేబుల్‌లో "శిక్షణ" అని రాయించుకున్నవి.

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ టైంటేబుల్‌లో ఖాళీగా ఉన్న పీరియడ్ సబ్‌స్టిట్యూషన్‌కి పోతుంది. ఏడో తరగతి సైన్స్ టీచర్ సెలవు పెట్టిన రోజున అందరికీ గుర్తొచ్చేది కౌన్సెలరే. కాబట్టి జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడే ఇన్‌చార్జ్ మేడమ్ దగ్గర కూర్చుని ఆ రెండు గడుల్లో మాట రాయించుకోండి.

2. రిజిస్టర్ చూసి లోటు కనిపెట్టండి

నోట్‌బుక్‌లో ఏడు గడులు గీయండి: తేదీ, తరగతి, ఎవరు పంపారు, వచ్చీరాగానే బిడ్డ అన్న మొదటి మాట, తర్వాత బయటపడ్డ అసలు విషయం, నేను చేసింది, నాకు తోచని చోటు.

నాలుగో గడిలో బిడ్డ మాటను ఉన్నదున్నట్టు రాయండి. "కడుపు నొప్పి మేడమ్", "ఊరికే వచ్చిన", "మూడ్ ఆఫ్", "దిల్ నై లగ్‌రా". దాన్ని మార్చి "ఆందోళన లక్షణాలు" అని రాస్తే, నెల తిరిగాక చూసుకున్నప్పుడు ఆ బిడ్డ మాట మీకు వినపడదు. మన పిల్లలు బాధను చాలాసార్లు ఒంటి నొప్పిగానే చెబుతారు. నాలుగో గడికీ ఐదో గడికీ మధ్య దూరం చూస్తూ పోతే, ఏ మాట వెనక ఏముందో పట్టుకోవడం అలవాటవుతుంది.

ఏడో గడి అన్నిటికంటే విలువైనది. అక్కడ నిజం రాయండి. "తండ్రి గట్టిగా మాట్లాడేసరికి నోరు పెగల్లేదు." "చేతి మీద గీతలు చూశాను, అడగడానికి భయమేసింది." మీరు నేర్చుకోవాల్సిన పాఠాల జాబితా ఇదే.

30 కేసులు రాశాక ఏడో గడిని మాత్రం చదివి మూడు కుప్పలుగా విడగొట్టండి:

- నాకు అసలు తెలియనివి. వీటికి చదువు, కోర్సు కావాలి.
- తెలిసినా నోటికి, చేతికి రానివి. వీటికి సాధన కావాలి.
- నా పని కానివి. వీటికి రిఫరల్ కావాలి, అంటే వేరే నిపుణుల దగ్గరికి పంపాలి.

రెండో కుప్పే పెద్దదిగా ఉంటుంది. దానికి మరో కోర్సు మందు కాదని ఇక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు ఈ ఏడాదికి రెండే రెండు విషయాలు ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు లెక్కను బట్టి పోకండి. ఉదాహరణకు పరీక్షల టెన్షన్ కేసులు పది, తనకు తాను హాని చేసుకున్న కేసులు రెండు ఉన్నాయనుకోండి. ముందు నేర్చుకోవాల్సింది ఆ రెండింటి గురించే. ప్రమాదం ఎక్కడుందో అక్కడ మొదలుపెట్టాలి.

3. చట్టం, భద్రత: వీటి తర్వాతే మిగతావి

మొదటి నెలలోనే ఇవి పూర్తవ్వాలి. లోటు జాబితాలో ఉన్నా లేకున్నా ఇవి తప్పవు.

పోక్సో చట్టం (లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ కల్పించేది), 2012. 18 ఏళ్లలోపు ప్రతి ఒక్కరూ ఈ చట్టం దృష్టిలో పిల్లలే. లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలని సెక్షన్ 19 అంటుంది. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. "ప్రిన్సిపల్ గారికి చెప్పాను" అనేది సరిపోదు. మంచి మనసుతో చెప్పినవారి మీద కేసు ఉండదని కూడా అదే సెక్షన్ 19లో ఉంది. ఈ ముక్క తెలిస్తే సగం భయం పోతుంది.

ఇక్కడ కౌన్సెలర్లు తరచూ చేసే తప్పు విచారణ. బిడ్డ ఒకసారి చెప్పింది చాలు. "ఎప్పుడు? ఎన్నిసార్లు? నువ్వెందుకు వెళ్లావ్?" అని తవ్వకండి. బిడ్డ మాటలను అవే మాటల్లో రాసి, తేదీ, సమయం వేసి, సంతకం పెట్టండి. ప్రిన్సిపల్ ముందు, క్లాస్ టీచర్ ముందు, కరస్పాండెంట్ ముందు అదంతా మళ్లీ మళ్లీ చెప్పించకండి. బిడ్డకు సాయం ఎక్కడ దొరుకుతుందంటే, పోలీసు, వైద్యం, న్యాయం, కౌన్సెలింగ్ ఒకే చోట అందే భరోసా కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, అందుకు వారిని శిక్షించకూడదని సెక్షన్ 115 చెబుతుంది. "పోలీసు కేసవుతుందేమో" అని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జంకే తల్లిదండ్రులకు మీరు చెప్పాల్సిన మాట ఇది.

సుప్రీంకోర్టు మార్గదర్శకాలు, 2025 జులై 25. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఒక అమ్మాయి మరణం మీద నడిచిన కేసులో ఇచ్చినవి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఒక్కరైనా ఉండాలి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ లాంటి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనిపించేలా పెట్టాలి. దీన్ని ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. తొమ్మిదో అంచెలో పనికొస్తుంది.

సరిచూసుకోండి:

- మన పరిధిలోని పోలీస్ స్టేషన్ నంబర్ నా దగ్గర ఉందా?
- టెలీ మానస్ 14416 ప్రతి అంతస్తులో కనిపిస్తోందా?
- హాని ప్రమాదం ఉన్న బిడ్డను తల్లిదండ్రులకు ఎవరు, ఎలా అప్పగించాలో రాసి ఉందా?
- నేను సెలవులో ఉన్న రోజు ఆ పని ఎవరిది?

4. బిడ్డ భాషలో సాధన

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. మనం నేర్చుకునేదంతా ఇంగ్లీషులో ఉంటుంది. స్లయిడ్లు ఇంగ్లీషు, రోల్‌ప్లే ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు. గదిలోకి వచ్చిన బిడ్డ ఏడుపు మాత్రం తెలుగులోనో, దక్కనీలోనో (హైదరాబాదీ ఉర్దూ) ఉంటుంది. అప్పుడు మన నోటికి శిక్షణలో నేర్చుకున్న మాట రాదు. చిన్నప్పుడు మనింట్లో విన్న మాట వస్తుంది: "ఇంత చిన్నదానికే ఏడుస్తారా?"

అందుకే ప్రతి ముఖ్యమైన ప్రశ్ననూ మీ నోటికి అలవాటైన భాషలో ముందే తయారుచేసుకుని, పైకి అని, వినిపించుకోవాలి. కనీసం ఈ నాలుగు సందర్భాలకు సాధన చేయండి.

ఏడుస్తున్న బిడ్డ. "ఎందుకేడుస్తున్నావ్?" అనే ప్రశ్న మన ఇళ్లలో గద్దింపులా వినిపిస్తుంది. దానికి బదులు: "ఏడుపొస్తే ఏడువమ్మా, పర్లేదు. నేనిక్కడే ఉంటా. చెప్పాలనిపించినప్పుడు చెప్పు." తర్వాత రెండు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోవడం సాధన చేయండి. గడియారం పెట్టుకుని చేసి చూడండి, రెండు నిమిషాలు ఎంత పొడుగో తెలుస్తుంది.

రహస్యం సంగతి. "అమ్మతోడు, ఎవరికీ చెప్పకండి మేడమ్" అంటారు. కొత్తలో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయికి నేను ఒట్టేసి చెప్పను అన్నాను. ఆమె చెప్పింది విన్నాక, వాళ్లమ్మకు చెప్పక తప్పలేదు. ఆ అమ్మాయి ఆ ఏడాదంతా మళ్లీ నా గది గడప తొక్కలేదు. తప్పు నాదే. వినకముందే మాటిచ్చాను.

ఇప్పుడు నేను ప్రతి బిడ్డకూ మొదటి రోజే చెప్పే మాట ఇది: "నువ్వు చెప్పేది మన మధ్యే ఉంటుంది. మూడింటికి మాత్రం ఇంకొకరి సాయం తీసుకుంటా. నీకు నువ్వు హాని చేసుకునేలా ఉన్నా, నిన్నెవరైనా ఇబ్బంది పెడుతున్నా, నీవల్ల ఇంకొకరికి ప్రమాదం ఉన్నా. అప్పుడైనా ముందు నీకు చెప్పి, ఎవరికి ఎలా చెప్పాలో నిన్నడిగే చేస్తా." నిద్రలో లేపి అడిగినా తడబడకుండా వచ్చేదాకా దీన్ని అనండి. ఆరో తరగతి బిడ్డకు ఇంకా చిన్న మాటల్లో, పదో తరగతి వాళ్లకు ఇలాగే.

చావు గురించి అడగడం. అందరికీ కష్టమైనది ఇదే. "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అని అడుగుతారు. అందులోనే "లేవు అను" అనే ఆజ్ఞ ఉంది. బిడ్డ లేవనే అంటుంది.

నేరుగా అడగండి: "బాధ మరీ ఎక్కువైనప్పుడు కొంతమందికి చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంది. నీకెప్పుడైనా అలా అనిపించిందా?" అవునంటే: "ఈ మధ్య ఎప్పుడు అనిపించింది? ఎలా అని కూడా ఆలోచించావా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించావా?" అడిగితే లేని ఆలోచన వస్తుందన్న భయం నిజం కాదు. చాలామంది పిల్లలు ఎవరో ఒకరు అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు.

అవును అన్న తర్వాతి వరుస:

1. బిడ్డను ఒంటరిగా వదలకండి. టాయిలెట్‌కి వెళ్లినా ఎవరైనా పెద్దవాళ్లు తోడుండాలి.
2. ఎవరికి చెప్పబోతున్నారో బిడ్డకు చెప్పండి.
3. తల్లిదండ్రులను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడండి. ఫోన్లో చెప్పి స్కూల్ బస్ ఎక్కించి పంపకండి.
4. ఇంట్లో మందులు, ప్రమాదకరమైన వస్తువులు అందకుండా తాళం వేయమని చెప్పండి.
5. సైకియాట్రిస్ట్ దగ్గరికి ఎప్పుడు, ఎక్కడికి వెళ్తారో అక్కడే తేల్చండి.
6. మర్నాడు మీరే ఫోన్ చేయండి.
7. అంతా రాసి సంతకం పెట్టండి.

తల్లిదండ్రులతో మాట. "మీ అబ్బాయికి ప్రాబ్లం ఉంది" అని మొదలుపెడితే సంభాషణ అక్కడే ముగుస్తుంది. "రండి నాన్నగారూ, కూర్చోండి. మీవాడి గురించి మీకు తెలిసినంత మాకు తెలీదు, అందుకే పిలిచాం" అని మొదలుపెట్టి చూడండి. తండ్రి కోపంగా వస్తే, ఆ కోపం కింద భయం ఉంటుంది. ఫీజు కట్టి, ఓవర్‌టైం చేసి చదివిస్తున్నవాడి భయం అది. దాన్ని ముందు వినండి.

సాధన ఎలా చేయాలంటే: ముగ్గురు కూర్చోవాలి. ఒకరు కౌన్సెలర్, ఒకరు బిడ్డ, ఒకరు గమనించేవారు. పావుగంట మాట్లాడుకున్నాక పది నిమిషాలు చర్చ. ముందు బిడ్డ పాత్రలో ఉన్నవారు "ఏ మాట దగ్గర నా మనసు తెరుచుకుంది, ఏ మాట దగ్గర మూసుకుంది" అని చెబుతారు. తర్వాత గమనించినవారు తాము విన్న మాటలను చదివి వినిపిస్తారు. సలహాలు చివరికి. తర్వాత పాత్రలు మార్చుకోండి. ఈ రోల్‌ప్లేని ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు. నిజమైన పిల్లల మాటలను మాత్రం ఎప్పుడూ రికార్డు చేయకండి.

పాతబస్తీలో, టోలిచౌకిలో పనిచేసేవాళ్లు దక్కనీలో కూడా ఈ నాలుగూ తయారుచేసుకోవాలి. మీకు ఆ భాష రాకపోతే స్కూల్లోని ఉర్దూ టీచర్ దగ్గర కూర్చుని రాయించుకోండి.

5. ఇప్పుడు కోర్సు ఎంచుకోండి

మొదటి కుప్పలో ఏముందో దాన్నిబట్టి వెళ్లండి.

టీచర్‌గా ఉండి కౌన్సెలింగ్‌లోకి వచ్చినవారికి నేను ముందు చెప్పేది ఎన్‌సీఈఆర్‌టీ వారి డిప్లొమా కోర్స్ ఇన్ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్. ఏడాది కోర్సు. దూరవిద్య, ముఖాముఖి శిక్షణ, ఇంటర్న్‌షిప్ మూడూ ఉంటాయి. మన ప్రాంతానికి దగ్గరి కేంద్రం మైసూరులోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్. ముఖాముఖి శిక్షణకు అక్కడ ఉండాల్సి వస్తుంది కాబట్టి చేరకముందే స్కూల్‌తో సెలవు సంగతి రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఉద్యోగం వదలకుండా చదవాలనుకుంటే ఇగ్నోలో కౌన్సెలింగ్ అండ్ ఫ్యామిలీ థెరపీ పీజీ డిప్లొమా ఉంది. దూరవిద్యలో చదివినప్పుడు సాధన గంటలను మీరే పూరించుకోవాలి.

నేర్చుకోవడంలో ఇబ్బందులు, మేధోపరమైన వైకల్యం గురించి తెలియాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. అక్కడ జరిగే చిన్న శిక్షణ కార్యక్రమాల ప్రకటనలు చూస్తూ ఉండండి. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో ఉన్న 21 రకాల వైకల్యాల్లో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ (చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఇబ్బంది) ఒకటి. "బద్ధకస్తుడు" అని పేరు పడ్డ పిల్లల్లో కొందరికి ఇదే ఉంటుంది.

ఎక్కడ చేరబోయినా ముందు ఇవి అడగండి:

- పాఠం ఎన్ని గంటలు, సాధన ఎన్ని గంటలు? సాధన సగమైనా లేకపోతే ఆలోచించండి.
- బ్యాచ్‌లో ఎంతమంది? వంద మందిని కూర్చోబెట్టి రోల్‌ప్లే చేయించలేరు.
- నేర్పేవారు పిల్లలతో నేరుగా పనిచేశారా?
- కోర్సు అయ్యాక కేసు గురించి అడిగితే జవాబిచ్చేవారు ఉంటారా?
- ఈ కోర్సు చేశాక నేను ఏం చేయకూడదు? దీనికి స్పష్టమైన జవాబు ఇచ్చేవారి దగ్గర చేరండి.

రెండు రోజుల్లో "సర్టిఫైడ్ థెరపిస్ట్" చేస్తామనే ప్రకటనల జోలికి పోకండి. వేలిముద్రలు చూసి బిడ్డ తెలివిని, కెరీర్‌ను చెబుతామనే డీఎంఐటీ పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదు. మేనేజ్‌మెంట్ పెట్టమన్నా, తల్లిదండ్రులు అడిగినా, మీరు ఆ నివేదిక మీద సంతకం పెట్టకండి. ఒక పన్నెండేళ్ల బిడ్డకు "నీకు లెక్కలు రావు" అని కాగితం మీద రాసివ్వడం మనం చేయాల్సిన పని కాదు.

ఇంకో గీత కూడా దాటకూడదు. రోగనిర్ధారణ మన పని కాదు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడానికి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదు ఉండాలి. "వీడికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని, అతి చురుకుదనపు సమస్య)" అని మీ నోట రాకూడదు. "ఒకసారి నిపుణులకు చూపిద్దాం" అనే రావాలి.

శిక్షణ నుంచి వచ్చిన రెండు రోజుల్లో మూడు పనులు చేయండి. ఒక పేజీలో సారం రాయండి. తోటి టీచర్ ఒకరికి పావుగంటలో వివరించండి. నెల లోపల ఆ పద్ధతిని ఏ ముగ్గురు పిల్లలతో వాడబోతున్నారో కోడ్ రాసుకోండి. ఇది చేయకపోతే నెల తిరిగేసరికి మిగిలేది బ్యాగూ పెన్నూ.

6. మీ పనిని చూసి చెప్పేవారిని వెతుక్కోండి

దీన్ని మన రంగంలో సూపర్విజన్ అంటారు. ఈ మార్గదర్శిలో ఒక్కటే చేయగలను అనుకుంటే ఇదే చేయండి.

ప్రిన్సిపల్ సూపర్వైజర్ కాలేరు. జీతం, సెలవు చూసేవారి ముందు "నాకు చేతకాలేదు" అని ఎవరూ చెప్పలేరు. పిల్లలతో ఏళ్ల తరబడి పనిచేసిన సీనియర్ కౌన్సెలరో, క్లినికల్ సైకాలజిస్టో కావాలి. పదిహేను రోజులకు ఒక గంట. డబ్బు ఇవ్వాల్సి వస్తుంది. ఇవ్వండి, లేదా నలుగురు కలిసి పంచుకోండి.

అలాంటివారు దొరికేలోపు తోటివాళ్లతో ఒక బృందం కట్టండి. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు నలుగురు, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వైపు నలుగురు. మెట్రోలో అరగంటలో చేరే దూరం అయితేనే సాగుతుంది. రెండో శనివారం పొద్దున రెండు గంటలు.

బృందం నియమాలు:

- బిడ్డ పేరు, స్కూల్ పేరు, ఇల్లున్న కాలనీ పేరు చెప్పకూడదు.
- వాట్సాప్ గ్రూప్‌లో కేసులు రాయకూడదు. ఎక్కడ, ఎన్నింటికి కలుస్తామో అంతవరకే.
- ఒక్కో సమావేశంలో రెండు కేసులే.
- కేసు తెచ్చినవారు ఒక ప్రశ్నతో రావాలి. "ఏం చేయాలో చెప్పండి" అనేది ప్రశ్న కాదు. "ఆ బిడ్డ మౌనంగా ఉన్నప్పుడు నాకెందుకు అంత కంగారు పుట్టింది?" అనేది ప్రశ్న.

కేసు తేవడానికి ముందు ఆ సంభాషణలో ఓ పది నిమిషాలను గుర్తున్నంతవరకు మాటకు మాట రాసుకురండి. బిడ్డ ఏమంది, మీరేమన్నారు, అలా అన్నప్పుడు మీ లోపల ఏమనిపించింది. సారాంశంలో మన తప్పులు దాక్కుంటాయి. మాటకు మాట రాస్తే బయటపడతాయి.

బరువైన కేసు వచ్చిన రోజు రెండో శనివారం దాకా ఆగకండి. ఆ సాయంత్రమే బృందంలో ఒకరికి ఫోన్ చేయండి. ఇంటికి మోసుకెళ్తే మన పిల్లల మీద విసుగుగా బయటికొస్తుంది.

7. రిఫరల్ చిట్టా

ఒక పేజీలో పట్టాలి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, గాంధీ, ఉస్మానియాలోని సైకియాట్రీ విభాగాలు, ఎన్ఐఈపీఐడీ, భరోసా, మీ ప్రాంతంలో పిల్లలను చూసే ఇద్దరు ప్రైవేటు సైకియాట్రిస్టులు. పక్కన ఓపీ సమయం, ఏ గది, ఏ కాగితాలు కావాలి అని రాయండి.

ఇక్కడ ఒక్క మాట. జాబితాలో రాసిన చోటికి ఒకసారి మీరే వెళ్లి రండి. లైన్ ఎక్కడ, చీటీ ఎక్కడ రాస్తారు, బయట కూర్చోవడానికి చోటుందా చూడండి. "ఎర్రగడ్డ" అనగానే ఉలిక్కిపడే తల్లికి, "నేను వెళ్లానమ్మా, లోపల ఇలా ఉంటుంది" అని చెప్పగలిగితే ఆమె వెళుతుంది. వినకపోతే 14416కి మీ గదిలోనే కలిపి తెలుగులో మాట్లాడించండి. కొందరికి మొదటి మెట్టు అదే.

8. మీరు నేర్చుకున్నది స్కూల్‌కు నేర్పండి

ఏడాదికి రెండుసార్లు సిబ్బంది శిక్షణ ఉండాలని పైన చూశాం. ధృవీకరణ ఉన్న మానసిక ఆరోగ్య నిపుణులు అది ఇవ్వాలి. ఏర్పాటు చేసేది, అందులో మన స్కూల్ సంగతులు కలిపేది మీరు.

టీచర్లను మాత్రమే పిలిస్తే సగం పనే. బాత్‌రూమ్‌లో ఏడుస్తున్న పిల్లను ముందు చూసేది ఆయమ్మ. బస్సులో ఒంటరిగా కూర్చునే పిల్లాడు డ్రైవర్‌కు తెలుసు. ఆటల పీరియడ్‌లో ఫుల్ హ్యాండ్స్ పైకి మడవని అమ్మాయి పీఈటీ సార్‌కి తెలుసు. హాస్టల్ ఉంటే వార్డెన్.

గంటన్నరలో మూడే చెప్పండి: చూడడం, వినడం, చేర్చడం. ఏ మార్పులు గమనించాలి, ఏ మాట అనాలి, ఏ మాట అనకూడదు, ఎవరి దగ్గరికి తీసుకురావాలి. ఆయమ్మలకు, డ్రైవర్లకు తెలుగులో, హిందీలో, వేరుగా, కాగితాలు లేకుండా. చివర్లో ఒక్కొక్కరితో "నీతో మాట్లాడాలని ఉంది, కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి పోదామా?" అని పైకి అనిపించండి.

9. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడడం

అర పేజీ చాలు. ఈ నెల ఎంతమంది పిల్లలు వచ్చారు, అందులో తమంతట తాము వచ్చినవారు ఎందరు, రిఫర్ చేసినవారిలో నిజంగా వెళ్లినవారు ఎందరు, శిక్షణలో ఎన్ని గంటలు గడిపాను. పేర్లు, కోడ్‌లు, వివరాలు ఏవీ ఇవ్వకండి. "ఆ అమ్మాయి ఎవరు?" అని కరస్పాండెంట్ గారు అడిగితే, "అది చెబితే రేపటినుంచి పిల్లలు రారు సార్" అనండి.

సెలవు, ఖర్చు అడిగేటప్పుడు రెండు ఆధారాలు చూపండి. ఒకటి, పైన చెప్పిన సుప్రీంకోర్టు మార్గదర్శకాలు. రెండు, టీచర్లకు ఏడాదికి 50 గంటల వృత్తి వికాస శిక్షణ ఉండాలన్న జాతీయ విద్యావిధానం 2020. మీకూ అదే లెక్క వర్తింపజేయమని అడగండి. కోర్సు పేరు ముందు చెప్పకండి. రిజిస్టర్ ఏడో గడిలో కనిపించిన లోటు చెప్పి, దాన్ని పూడ్చడానికి ఈ కోర్సు అని చెప్పండి.

10. ఎదురయ్యే చిక్కులు, సరిచేసే దారులు

*సర్టిఫికెట్లు పెరుగుతున్నాయి, పని మారట్లేదు.* ఆరు నెలలు కొత్త కోర్సులు ఆపండి. ఆ గంటలన్నీ నాలుగో, ఆరో అంచెలకు ఇవ్వండి.

*బృందంలో సమావేశం కబుర్లతో అయిపోతోంది.* మొదటి పావుగంట కబుర్లకు వదిలేయండి. తర్వాత ఒకరు గడియారం పట్టుకోవాలి. ఆ బాధ్యత నెలకొకరిది.

*నేర్చుకున్న పద్ధతిని వచ్చిన ప్రతి బిడ్డ మీదా వాడేస్తున్నాను.* కొత్తగా నేర్చుకున్నప్పుడు అందరికీ ఇది జరుగుతుంది. ప్రతి కేసుకు ముందు "ఈ బిడ్డకు ఇది ఎందుకు?" అని ఒక్క వాక్యం రాయండి. రాయలేకపోతే వాడకండి.

*స్కూల్లో నన్ను క్రమశిక్షణ గదిలా వాడుతున్నారు.* అల్లరి చేసినవాళ్లను శిక్షగా పంపితే, బాధలో ఉన్నవాళ్లు ఆ గదికి రావడానికి సిగ్గుపడతారు. మొదటి స్టాఫ్ మీటింగ్‌లోనే ఎవరిని పంపాలి, ఎలా పంపాలి అన్నది రాసివ్వండి.

11. ఏడాది క్యాలెండర్

జూన్: స్కూళ్లు 12వ తేదీ ప్రాంతంలో తెరుస్తారు. చట్టం, భద్రత, రిఫరల్ చిట్టా తాజాకరణ. సిబ్బందికి మొదటి శిక్షణ.

జులై నుంచి సెప్టెంబర్: ఎంచుకున్న రెండింటిలో మొదటిది. వారానికొక రోల్‌ప్లే.

దసరా సెలవులు: కొన్ని రోజులు వరుసగా సాగే శిక్షణకు ఇదే అదను. కానీ సగం రోజులు మీకు, మీ ఇంటికి ఉంచుకోండి.

నవంబర్, డిసెంబర్: రెండో విషయం. సిబ్బందికి రెండో శిక్షణ. పదో తరగతి పిల్లలతో పరీక్షల ముందు చిన్న బృందాలుగా మాటలు.

జనవరి నుంచి ఏప్రిల్: కొత్త శిక్షణ ఏదీ పెట్టుకోకండి. జేఈఈ మెయిన్, ఇంటర్, టెన్త్ పరీక్షలు వరుసగా వస్తాయి. గది తలుపు తీసి ఉండాలి. సూపర్విజన్ మాత్రం ఆపకండి, ఈ నెలల్లోనే అది ఎక్కువ కావాలి.

ఫలితాల రోజులు: ఆ తేదీల్లో శిక్షణ, సెలవు ఏవీ పెట్టుకోకండి. ముందే గుర్తుపెట్టుకున్న పిల్లలకు ఫలితం వచ్చిన గంటలోపు మీరే ఫోన్ చేయండి. మార్కులు అడగకండి. "అన్నం తిన్నావా నాన్నా? ఇంట్లో ఎవరున్నారు?" అని అడగండి. నీట్ రాసిన పాత విద్యార్థులనూ ఆ జాబితాలో చేర్చండి.

మే: రిజిస్టర్ తీసి ఏడో గడి మళ్లీ చదవండి. పోయిన జూన్‌లో తోచని చోట్లలో ఇప్పుడు తోచేవి ఎన్నో టిక్ పెట్టండి. ఇంకా తోచనివి వచ్చే ఏడాది నోట్‌బుక్ మొదటి పేజీలోకి ఎక్కించండి. పాత నోట్‌బుక్‌ను బీరువాలో పెట్టి తాళం వేసి, బృందం జూన్ సమావేశం తేదీ అందరికీ చెప్పండి.